జనరేటర్ లాగాలి, గల్లీలోనూ తిరగాలి: పాత డీజిల్ పికప్‌లలో ఏది కొనాలి?

మా బావమరిదికి ఉప్పల్‌లో టెంట్ హౌస్ ఉంది. పెళ్ళిళ్ళకీ గణేశ్ మండపాలకీ జనరేటర్ అద్దెకిస్తాడు. అది చక్రాల ట్రాలీ మీద ఉంటుంది, ఏదో ఒక బండి వెనక తగిలించి తీసుకెళ్ళాలి. నాకేమో చేవెళ్ళ దగ్గర కాస్త పొలం ఉంది, ఆదివారం అక్కడికి పోయి రావాలి, మిగతా ఆరు రోజులూ నాచారం నుంచి అమీర్‌పేటకు ఆఫీసు. ఇద్దరికీ పికప్పే కావాలి, కొత్తది కొనే డబ్బు ఇద్దరి దగ్గరా లేదు. ఇద్దరం ఒకే రకం తీసుకుంటే స్పేర్లు, మెకానిక్ కలిసొస్తాయనుకుని మొదలుపెట్టాం. మూడు నెలలు తిరిగి తిరిగి చివరికి వాడొకటి, నేనొకటి కొన్నాం. ఎందుకలా జరిగిందో చెప్తాను, మీ పని ఏ బండితో అవుతుందో అందులోనే తెలిసిపోతుంది.

బండి చూడకముందే మీరు లాగబోయేదాన్ని కాంటా మీద పెట్టించండి. "ఎంతుంటది బావా, ఆరేడు వందల కిలోలు" అన్నాడు మావాడు. వేబ్రిడ్జి మీద పెడితే ట్రాలీ, జనరేటర్, పైన డబ్బా, ట్యాంకులో డీజిల్, దాని మీద చుట్టలు చుట్టి పడేసిన కేబుళ్ళు అన్నీ కలిపి 1,340 కిలోలు తేలింది. వాడి మొహం చూడాలి అప్పుడు. ఇన్నాళ్ళూ అద్దె జీపు డ్రైవర్ ప్రతి దిగుడు దగ్గరా ఎందుకు తిట్టుకునేవాడో అర్థమైంది, ఎందుకంటే ఆ ట్రాలీకి బ్రేకులే లేవు.

ఇక్కడే చాలామంది మోసపోతారు. టొయోటా హైలక్స్ అయినా, 1.9 ఇంజిన్ ఇసుజు డీ-మ్యాక్స్ అయినా బయటి దేశాల్లో మూడున్నర టన్నులు లాగుతాయని వీడియోల్లో చూసి వచ్చేస్తారు. ఆ లెక్క ట్రాలీకి సొంత బ్రేకులు ఉన్నప్పటిది. బ్రేకుల్లేని ట్రాలీకి అవే కంపెనీలు అక్కడ రాసే అంకె 750 కిలోలు. మన ఊళ్ళో షెడ్డులో వెల్డింగ్ చేసి ఇచ్చే ట్రాలీల్లో చాలావాటికి బ్రేకులుండవు, రింగు తగిలించి పిన్ను వేసి పంపిస్తారు అంతే. మీ ట్రాలీ 750 దాటితే ముందు దానికి ఓవర్‌రన్ బ్రేకు పెట్టించండి, అంటే ముందు బండి నెమ్మదించగానే ట్రాలీ తోపుకి దాని బ్రేకు దానంతట అదే పడే ఏర్పాటు. బండి బడ్జెట్‌లోంచి ఆ డబ్బు పక్కన పెట్టాకే బేరాలకు వెళ్ళండి. ఇంకోటి, ఇక్కడ అమ్మే మోడల్‌కు ఇక్కడి ఓనర్ మాన్యువల్‌లో ఏం రాశారన్నదే లెక్క, విదేశీ బ్రోషర్ చూపించి ఇన్సూరెన్స్ వాడితో వాదించలేం.

అసలు లాగాలా అన్నది కూడా ఒకసారి ఆలోచించండి. మీ జనరేటర్ చిన్నదై, దించడానికి అవతల మనుషులో క్రేనో ఉంటే, 1.7 టన్నుల దాకా మోసే మహీంద్రా బొలెరో పికప్ తొట్లో పెట్టుకుని పోవడం సుఖం. రివర్స్ గోల ఉండదు, ట్రాలీకి వేరే రిజిస్ట్రేషన్ గోల ఉండదు. మావాడికి రోజుకు రెండు మూడు ఫంక్షన్లు, దించి ఎక్కించే టైం లేదు కాబట్టి ట్రాలీయే ఖాయమైంది.

తరువాత నంబర్ ప్లేటు రంగు. ఇంజిన్ కంటే ముందు దీన్ని తేల్చుకోమంటాను, ఎందుకంటే ఇంజిన్‌ను బాగు చేయించుకోవచ్చు గానీ ఆర్సీలో రాసినదాన్ని మార్చుకోవడానికి ఆఫీసు చుట్టూ తిరగాలి. ఇసుజు వీ-క్రాస్, హైలక్స్ లాంటివి ఎక్కువగా తెల్ల ప్లేటుతో దొరుకుతాయి. బొలెరో క్యాంపర్, బొలెరో పికప్, టాటా యోధ ఎక్కువగా పసుపు ప్లేటు. పసుపు అంటే ఎనిమిదేళ్ళ వయసు వచ్చేదాకా రెండేళ్ళకోసారి, ఆ తరువాత ఏడాదికోసారి ఫిట్‌నెస్ చేయించాలి. ట్యాక్స్ పద్ధతి వేరు, సిటీలో కొన్ని రోడ్లమీద రద్దీ వేళల్లో గూడ్స్ బండ్లకు నో ఎంట్రీ. ఉదయం తొమ్మిదిన్నరకు ఆఫీసు చేరాల్సిన నాబోటివాడికి ఇది కుదరదు. మావాడు జనరేటర్ కదిలించేది మధ్యాహ్నమో రాత్రి పన్నెండు తరువాతో కాబట్టి వాడికి పెద్ద ఇబ్బంది లేదు, పైగా అద్దె వ్యాపారానికి తెల్ల ప్లేటు వాడితే అదో తలనొప్పి. లైసెన్స్ గురించి టెన్షన్ అక్కర్లేదు. మొత్తం బరువు 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండిని మామూలు ఎల్ఎంవీ (కారు) లైసెన్స్‌తో నడపొచ్చని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది.

ఇక బండ్ల దగ్గరికి వద్దాం. పాత మార్కెట్లో అందరి కళ్ళూ పడేది ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ మీద. మన పక్కనే శ్రీసిటీలో తయారవుతుంది, 2016లో వచ్చింది. మొదటి బండ్లలో 2.5 లీటర్ల ఇంజిన్, 134 హార్స్‌పవర్, 320 న్యూటన్ మీటర్ల టార్క్, ఐదు గేర్లు, ఫోర్ వీల్ డ్రైవ్. కాగితం మీద బలంగానే ఉంది, రోడ్డు మీద కూడా బలంగానే ఉంటుంది, కానీ ఒక తిరకాసు ఉంది. ఆ టార్కంతా, అంటే ఇంజిన్ లాగే బలమంతా, ఇంజిన్ వేగం 1,800 ఆర్‌పీఎం దాటాక వస్తుంది. పంజాగుట్ట చౌరస్తాలో అడుగు అడుగున కదిలే ట్రాఫిక్‌లో మీరుండేది దానికి కింద. సెకండ్‌లో నిద్రపోతుంది, ఫస్ట్‌కి దించితే ఒక్కసారిగా దూకుతుంది, ఎడమ కాలు నొప్పి పుడుతుంది. అదే బండి ఓఆర్ఆర్, అంటే ఔటర్ రింగ్ రోడ్డు, ఎక్కాక వేరే మనిషి అయిపోతుంది, ట్రాలీ వెనకుందన్న సంగతే మరిచిపోతాం. మరిచిపోకూడదు అనుకోండి, అది వేరే మాట. ఎడమవైపు 80 స్పీడు లేన్లలోనే ఉండండి.

నేను చివరికి కొన్నది ఇదే. దాని పొడవు 5.3 మీటర్లకు కాస్త తక్కువ, వెడల్పు 1.86 మీటర్లు. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నాకిచ్చిన గడి ఐదు మీటర్లు, ముక్కు ఎప్పుడూ బయటే ఉంటుంది, వాచ్‌మన్ దానికి ఎర్ర గుడ్డ కట్టాడు. మాల్ సెల్లార్లలో ఎత్తు సమస్య రాలేదు, ర్యాంపు మలుపుల్లో మాత్రం ఒకే తిప్పుడులో తిరగదు, వెనకవాడు హారన్ కొడుతుంటే రివర్స్ వేసుకోవాలి. బేగంబజార్ వైపు తీసుకెళ్ళడం మానేశాను, మెట్రోలో పోతున్నా. తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు వెనక కమాన్ పట్టీల వల్ల స్పీడ్ బ్రేకర్ల మీద ఎగిరి పడుతుంది. ఇంట్లో వాళ్ళు వెనక సీట్లో కూర్చుని రెండుసార్లు తిట్టాక నేను తొట్లో నాలుగు ఇసుక బస్తాలు పడేశాను, కాస్త నయం. వానాకాలం పొలం బురదలో వెనక చక్రాలకు పట్టు దొరకడానికి కూడా అవే పనికొస్తున్నాయి.

బొలెరో క్యాంపర్ దీనికి పూర్తిగా తలకిందులు. బీఎస్6 (2020లో వచ్చిన పొగ నిబంధనల) బండిలో 2.5 లీటర్ల ఇంజిన్‌కు 75 హార్స్‌పవరే, 200 న్యూటన్ మీటర్లే. వీ-క్రాస్ పక్కన పెడితే నవ్వొస్తుంది. కానీ ఆ 200 కూడా 1,400 ఆర్‌పీఎం నుంచే అందుతుంది, అంటే క్లచ్ వదిలీ వదలకముందే బండి కదులుతుంది. ఉప్పల్ నుంచి రామంతాపూర్ మీదుగా అంబర్‌పేట దాకా సాయంత్రం ఆరింటికి నడిపి చూడండి, ఏది సుఖమో మీ కాలే చెప్తుంది. వెడల్పు తక్కువ, పొడవు ఐదు మీటర్ల లోపే, ఐదుగురు కూర్చోవచ్చు, వెనక టన్ను దాకా పెట్టుకోవచ్చు. మూలమూలనా మెకానిక్ ఉంటాడు, అర్ధరాత్రి మండపం దగ్గర ఆగిపోతే ఫోన్ చేయడానికి మనిషి దొరకడమే మావాడికి అన్నిటికంటే పెద్ద లాభం. లోపల మాత్రం ఏ సుఖం లేదు, శబ్దం ఎక్కువ, హైవే మీద 80 దాటితే స్టీరింగ్ గట్టిగా పట్టుకోవాల్సిందే. 1,340 కిలోల ట్రాలీతో ఫ్లైఓవర్ ఎక్కుతుంటే వెనక ఆటోలు కూడా హారన్ కొడతాయి. ఎక్కుతుంది, కానీ తన టైం తను తీసుకుంటుంది.

మావాడు అదే కొన్నాడు, నేను 2018 వీ-క్రాస్ కొన్నాను. సిటీలో ట్రాలీ లాగి డబ్బు సంపాదించేవాళ్ళకు నా సలహా క్యాంపరే. ఎందుకంటే మీరు లాగేది 30, 40 స్పీడులో, అక్కడ 134 హార్స్‌పవర్‌తో చేసేదేమీ లేదు. వారానికోసారి ఊరు దాటి దూరం లాగేవాళ్ళకు, ఇంట్లో వేరే కారు లేనివాళ్ళకు వీ-క్రాస్.

మహీంద్రా స్కార్పియో గెట్‌అవే చూశాం. 2.2 ఎంహాక్ ఇంజిన్ ఉన్నది దొరికితే మంచి బండే, స్కార్పియో బాగుచేసే ప్రతి మెకానిక్‌కూ అది తెలుసు. బీఎస్6కి మారలేదు కాబట్టి దొరికేవన్నీ పాతవే, మాకు చూపించిన రెండూ ఒళ్ళంతా తుప్పు. పాత 2.6 ఇంజిన్ ది వద్దు, వయసైపోయింది. టాటా జెనాన్ ధర తక్కువగా ఉంటుంది, 2.2 డైకార్ ఇంజిన్ సామాన్లు సఫారీ పుణ్యమా అని దొరుకుతాయి, బాడీ సామాన్ల కోసమే తిరగాలి. మీ ఇంటి పక్కనే నమ్మకమైన టాటా మెకానిక్ ఉంటే తప్ప దానికి పోవద్దు. యోధ దాని తమ్ముడే అనుకోండి, 2017లో వచ్చింది, మోయడానికి మంచిది, ఇంటిల్లిపాదీ తిరగడానికి కాదు.

టొయోటా హైలక్స్ 2022లో 33.99 లక్షల ఎక్స్-షోరూమ్ ధరతో మొదలైంది. ఫార్చ్యునర్ 2.8 ఇంజిన్, ఆటోమేటిక్‌లో 500 న్యూటన్ మీటర్లు, సిటీకీ లాగడానికీ రెంటికీ పక్కాగా సరిపోయే బండి ఏదంటే ఇదే, అందులో వాదన లేదు. పాతదైనా ధర దిగదు. జనరేటర్ అద్దెల మీద ఆ ఈఎంఐ కట్టాలంటే ఏడాదంతా పెళ్ళిళ్ళే ఉండాలి.

బీఎస్4 కొనాలా, బీఎస్6 కొనాలా అని అందరూ అడుగుతారు. 2020 ఏప్రిల్ 1 తరువాత అమ్మినవి బీఎస్6. వీ-క్రాస్ 2021లో 1.9 ఇంజిన్‌తో తిరిగొచ్చింది, 163 హార్స్‌పవర్, 360 న్యూటన్ మీటర్లు, ఆటోమేటిక్ కూడా ఉంది, నడపడానికి 2.5 కంటే నిజంగా హాయి. కానీ ఇలాంటి బీఎస్6 డీజిల్‌లో పొగ గొట్టంలో డీపీఎఫ్ ఉంటుంది, మసిని పట్టి ఉంచి, ఇంజిన్ బాగా వేడెక్కి ఆగకుండా నడిచినప్పుడు దాన్ని కాల్చేస్తుంది. రోజూ నాలుగు కిలోమీటర్లు పోయి ఆపేసే బండిలో ఆ కాల్చే పని సగంలోనే ఆగిపోతుంది, డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, అలా వదిలేస్తే పెద్ద ఖర్చు. హైదరాబాద్‌లో దీనికి మందు మన ఓఆర్ఆరే, లైటు వెలిగితే గచ్చిబౌలిలో ఎక్కి శంషాబాద్ దాకా ఆగకుండా పోయి రండి. అంత ఓపిక లేని, పూర్తిగా గల్లీల్లో తిరిగేవాళ్ళకు బాగా చూసుకున్న బీఎస్4 నయం అంటాను. ఒక్కటి గుర్తుంచుకోండి, తెల్ల ప్లేటు బండికి కూడా 15 ఏళ్ళకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంటుంది, 2012 మోడల్ కొంటే ఆ రోజు ఎంతో దూరం లేదు.

ఢిల్లీ బండ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. పదేళ్ళు దాటిన డీజిల్‌ను అక్కడ తిప్పనివ్వకుండా కోర్టు ఆంక్షలు వచ్చాయి, 2025లో వాటిని కొంత సడలించారు, ఆ భయంతోనే పదేళ్ళు దగ్గరపడ్డవి చవగ్గా ఇటు వచ్చాయి. ఎన్‌ఓసీ, అంటే అక్కడి ఆర్టీఓ అభ్యంతరం లేదని ఇచ్చే ఫారం 28, చేతికి వచ్చాకే అడ్వాన్సు ఇవ్వండి, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలుపుకుని చూస్తే మాకు దొరికిన చవక సగానికి సగం ఆవిరైపోయింది.

ఇప్పుడు మేం దాదాపు కొనేసిన బండి కథ. బోయిన్‌పల్లి వైపు పాత బండ్లు అమ్మే ఒక కన్సల్టెన్సీలో తెల్ల వీ-క్రాస్, 2017ది, తళతళలాడుతోంది, సీటు కవర్లు కొత్తవి, లోపల మల్లెపూల సెంటు. 62 వేల కిలోమీటర్లు అన్నాడు. ధర మా బడ్జెట్‌లోనే ఉంది, నేను జేబులోంచి ఫోన్ తీసి అడ్వాన్స్ పంపబోతున్నా. మావాడు ఊరికే వెనక సీటు బెల్టు పట్టుకుని లాగుతూ కూర్చున్నాడు, చివరిదాకా లాగాడు. చివరి జానెడు రంగు వేరే. ఎండిన ఎర్రమట్టి గీత ఒకటి అడ్డంగా, తిన్నగా, స్కేలు పెట్టి గీసినట్టు. గోరుతో గీకితే పొడి రాలింది. నేను స్టెప్నీ కింద వేలు పెట్టి చూశాను, అక్కడా అదే మట్టి. 2020 అక్టోబర్ వానలు గుర్తున్నాయిగా, టోలీచౌకీ నదీమ్ కాలనీ, హఫీజ్‌బాబానగర్ మునిగిపోయినప్పుడు ఎన్ని బండ్లు నీళ్ళలో ఉన్నాయో మనందరం టీవీల్లో చూశాం. ఇది ఏ వానలో మునిగిందో తెలీదు గానీ మునిగింది మాత్రం ఖాయం. అమ్మేవాణ్ణి అడిగితే "అన్నా, వాషింగ్ చేసినప్పుడు పడ్డది" అన్నాడు. వెంటనే 40 వేలు తగ్గిస్తానన్నాడు కూడా. మునిగిన బండిలో వైరింగ్ ఇవాళ కాకపోతే వచ్చే ఏడు పోతుంది, దానికి తగ్గింపు ధర అంటూ ఏదీ లేదు.

మునిగింది కాదని తేలాక, లాగి లాగి అరిగిందా అన్నది చూడాలి. అమ్మేవాడు "ఎప్పుడూ ఏమీ లాగలేదన్నా" అంటాడు. వెనక హుక్కు పీకేసినా చాసిస్ మీద వెల్డింగ్ మచ్చలో, కొత్త బోల్టు రంధ్రాలో, అక్కడొక్కచోటే వేసిన నల్లరంగో కనిపిస్తుంది. కింద దూరి టార్చి లైటుతో కమాన్ పట్టీల బ్రాకెట్ల చుట్టూ, క్యాబిన్‌కూ తొట్టికీ మధ్య చాసిస్ మీద సన్నని పగుళ్ళు వెతకండి. కమాన్ పట్టీలు తిన్నగా చదునైపోయి ఉంటే బాగా బరువు మోసిందని అర్థం. ఇంజిన్ వైపు నుంచి వెనక ఇరుసుకు పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్ పట్టుకుని చేత్తో తిప్పండి, క్రాస్ బేరింగ్ దగ్గర టకటకమంటే అరిగిపోయింది. క్లచ్ చూడాలంటే ఖాళీ రోడ్డు మీద మూడో గేర్‌లో నెమ్మదిగా పోతూ ఒక్కసారి గట్టిగా రేజ్ చేయండి. ఇంజిన్ శబ్దం పెరిగి బండి మాత్రం ఊపందుకోకపోతే ఆ క్లచ్ ఖర్చు బేరంలో తగ్గించుకోండి. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ ఎక్కుడులో సిగ్నల్ దగ్గర ఆపి మళ్ళీ కదిలించి చూస్తే ఇంకా మంచిది. మేం చూసిన ఒక జెనాన్ అక్కడే కాలిన వాసన కొట్టింది, తిప్పుకుని తెచ్చి తాళాలు వాడి చేతిలో పెట్టాం.

పొద్దున్నే ఫోన్ చేయకుండా వెళ్ళండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించండి, మీరు వచ్చేసరికే బానెట్ వేడిగా ఉంటే అనుమానించండి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది, నల్లపొగ ఆగకుండా వస్తే నాజిల్సో టర్బో వైపో చూపించాలి. ఐడిల్‌లో ఆయిల్ మూత తీసి తలకిందులుగా దాని మీదే పెట్టండి, అది గంతులేస్తుంటే ఇంజిన్‌లో కంప్రెషన్ కిందికి కారుతోందన్నమాట. ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయితే ఏదైనా మట్టి స్థలంలో 4L (తక్కువ వేగపు గేరు) వేసి పది అడుగులు నడపండి, ఏళ్ళతరబడి వాడక బిగుసుకుపోయినవి చాలా ఉన్నాయి. ఇవన్నీ మీకు చేతకాకపోతే ఆటోనగర్ నుంచి మీ సొంత మెకానిక్‌ను తీసుకెళ్ళండి. అమ్మేవాడు చూపించే మెకానిక్ ఎప్పుడూ "సూపర్ ఉందన్నా" అనే అంటాడు.

ట్రాలీ విషయంలో రెండు మాటలు. జనరేటర్‌ను ట్రాలీ ఇరుసుకు కాస్త ముందుకు బిగించాలి, మొత్తం బరువులో దాదాపు పదో వంతు హుక్కు మీద పడేలా. వెనక్కి జరిగితే 60 స్పీడు దాటగానే తోక ఊపుతుంది, అప్పుడు బ్రేకు గట్టిగా తొక్కితే ఇంకా ఊపుతుంది, యాక్సిలరేటర్ వదిలేసి స్టీరింగ్ తిన్నగా పట్టుకోవాలి. వెనక లైట్ల వైరింగ్ సాకెట్ పెట్టించండి, రాత్రి లైట్లు లేని ట్రాలీ ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. ట్రాలీకి వేరే రిజిస్ట్రేషన్ ఉండాలి, మీ పాలసీలో దాన్ని కూడా రాయించుకోవాలి. రివర్స్ మాత్రం ఎవరూ నేర్పలేరు. స్టీరింగ్ కుడికి తిప్పితే ట్రాలీ ఎడమకు పోతుంది, మావాడు నల్లకుంట గల్లీలో మొదటి రోజు అరగంట తిప్పలు పడి చివరికి పిన్ను పీకి నలుగురితో తోయించాడు.

కాగితాల్లో పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద సంతకాలు, లోన్ ఉంటే అది తీరిందని ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ తీసుకోండి. తెలంగాణ పోలీసు ఈ-చలాన్ సైట్‌లో నంబర్ కొట్టి చూడండి, మా క్యాంపర్ మీద పదకొండు చలాన్లు తేలాయి, అమ్మినాయనే కట్టాడు. అద్దం మీద పాత ఓనర్ ఫాస్టాగ్ ఉంటే అక్కడికక్కడే పీకించండి. నేను మరిచిపోయాను. చేవెళ్ళకు మూడు ఆదివారాలు పోయి వచ్చాక ఒక ఫోన్ వచ్చింది, "సార్, మీరు ఓఆర్ఆర్ ఎక్కినప్పుడల్లా నా డబ్బులు కట్ అవుతున్నాయి."